ఆఫ్రికా సంప్రదాయ సంగీతం, కవిత్వం, వాటిలోని విజ్ఞానం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి, వేలకొద్దీ భాషలూ యాసలూ ఉన్నాయి. కాబట్టి "ఆఫ్రికా సంగీతం ఇలా ఉంటుంది" అని మొదలయ్యే మాట ఏదైనా సగం తప్పే. ఇక్కడి జవాబుల్లో వీలైనంతవరకు ఫలానా జాతి, ఫలానా ఊరు అని పేరు పెట్టే చెప్పాను. వాటిని ఖండం మొత్తానికీ అంటగట్టకుండా చదవండి.

పాటలో విజ్ఞానం ఉందంటే ఏమిటి అర్థం? ప్రతి పాటలోనూ ఉంటుందా?

ఉండదు. ఎక్కడైనా పాటల్లో ఎక్కువ భాగం సరదాకీ, శోకానికీ, పనిలో అలుపు తెలియకుండా ఉండటానికీ పాడుకునేవే. పల్లెపాట కనబడగానే అందులో ఏదో గూఢశాస్త్రం ఉందని వెతకడం మొదలుపెడితే లేనిది కూడా దొరుకుతుంది. ఆ ప్రమాదం గురించి కింద మళ్లీ మాట్లాడుకుందాం.

అయితే కొన్ని సమాజాలు కొన్ని విషయాలను ప్రత్యేకంగా కొన్ని ప్రక్రియలకే అప్పగించాయి. ఎవరి వంశం ఏది, ఏ రెండు కుటుంబాల మధ్య ఏ ఒప్పందం ఉంది, ఏ ఆకు దేనికి పనికొస్తుంది, ఫలానా కష్టం వచ్చినప్పుడు పూర్వం ఎవరేం చేశారు. వీటిని ఎవరు నేర్చుకోవాలి, ఎవరి ముందు అప్పజెప్పాలి, ఏ సందర్భంలో నోరు తెరవాలి అన్నది కూడా కట్టుబాటుగా ఉంటుంది. నా ఉద్దేశంలో అసలు కిటుకు ఆ కట్టుబాటులోనే ఉంది. పాటలోంచి మాటలు మాత్రం ఏరి కాగితం మీద పెడితే మన చేతికి వచ్చేది సగం కన్నా తక్కువ.

రాత లేదు కాబట్టే పాటల మీద ఆధారపడ్డారు, అంతే కదా?

ఈ మాట చాలామంది నోట వింటాం. ఇథియోపియాలో గీజ్ లిపి దాదాపు రెండు వేల ఏళ్లుగా ఉంది. మాలిలోని తింబుక్తులో అరబిక్ రాతప్రతులు వేల సంఖ్యలో ఉన్నాయి. లైబీరియాలో వాయ్ జాతివారు 1830ల్లోనే సొంత లిపి కల్పించుకున్నారు. రాత చేతిలో ఉండి కూడా కొన్నింటిని నోటికే వదిలిపెట్టారన్నమాట.

ఇథియోపియా చర్చి పాఠశాలల్లో 'కినే' అనే కవిత్వాన్ని నేర్పే తీరు చూడండి. విద్యార్థి పాత పద్యాలు వల్లెవేస్తే సరిపోదు, తనే కొత్తది కట్టి గురువు ముందు వినిపించాలి. పైకి ఒక అర్థం, లోపల మరో అర్థం ఉండాలి. ఈ పద్ధతిని వాళ్లు 'మైనం, బంగారం' అంటారు: పోతపనిలో మైనం కరిగిపోయాక బంగారం మిగులుతుంది కదా, అలాగ. శ్లేష రుచి తెలిసిన తెలుగు పాఠకుడికి దీన్ని ఇంతకంటే వివరించనక్కర్లేదు.

డోలు మాట్లాడుతుందంటారు. నిజంగానేనా, కవులు చెప్పే మాటా?

నిజంగానే. యోరుబా, అకాన్, లొకెలె వంటి భాషల్లో స్వరం ఎత్తుగా పలికితే ఒక అర్థం, తగ్గించి పలికితే మరో అర్థం. యోరుబాలో హెచ్చు, మధ్యమం, తగ్గు అని మూడు స్థాయిలు. నడుము సన్నగా ఉండే 'దుందున్' వాద్యాన్ని చంకలో పెట్టుకుని దాని తాళ్లను నొక్కుతూ వదులుతూ వాయిస్తారు. నొక్కినప్పుడు స్వరం పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. మాటలోని స్వరాల ఎగుడుదిగుళ్లన్నీ డోలు మీద పలుకుతాయి.

చిక్కేమిటంటే హల్లులూ అచ్చులూ పలకవు. ఒకే స్వరక్రమం ఉన్న మాటలు భాషలో బోలెడు ఉంటాయి. మరి వినేవాడికి ఏ మాటో ఎలా తెలుస్తుంది? కాంగో నది ఒడ్డున లొకెలె జాతివారు దీన్ని పరిష్కరించుకున్న తీరును జాన్ క్యారింగ్టన్ అనే ఆంగ్ల మిషనరీ ఏళ్ల తరబడి విని, వాయించడం నేర్చుకుని, 1949లో గ్రంథస్థం చేశాడు. వాళ్లది తోలు డోలు కాదు. దుంగను తొలిచి, పైన సన్నటి చీలిక వదిలి చేసే వాద్యం. చీలికకు ఒక వైపు కొడితే హెచ్చు స్వరం, రెండో వైపు కొడితే తగ్గు స్వరం. 'చంద్రుడు' అన్న ఒక్క మాట వాయిస్తే అది ఏ మాటైనా కావచ్చు. అందుకని 'నేల వైపు చూసే చంద్రుడు' అని వాయిస్తారు. భయపడకు అని చెప్పాలంటే, నోటిదాకా వచ్చిన గుండెను మళ్లీ కిందికి దించుకో అనే అర్థం వచ్చేలా పొడుగాటి వాక్యం వాయిస్తారు. మామూలు మాటకు డోలు మాట సుమారు ఎనిమిది రెట్లు పొడవని క్యారింగ్టన్ అంచనా.

ఆ పొడవు కేవలం అలంకారం కాదు. అందరికీ తెలిసిన ఆ పదబంధాల్లో పక్షి కూత ఎలా ఉంటుందో, అరటిచెట్టుకు ఎందుకు ఊతకర్ర పెట్టాలో, కర్రపెండలం ఏ నేలలో మిగులుతుందో చేరిపోయాయి. కబురు అర్థం కావడానికి వాడిన ఉపాయమే పరిసరాల పరిజ్ఞానానికి గాదె అయింది. అడవిలో పుట్టి పెరిగిన పిల్లవాడు కబుర్లు వింటూనే ఇవన్నీ పట్టేసేవాడు.

ఘానాలోని అశాంతివాళ్ల 'అతుంపాన్' జంట డోళ్ల దగ్గర మరో పద్ధతి. వాయిద్యగాడు రాజు పేరు ఎత్తేముందు తన డోలు ఏ చెట్టు నుంచి వచ్చిందో ఆ ట్వెనెబొవా చెట్టును పిలుస్తాడు. తోలు ఇచ్చిన ఏనుగును పిలుస్తాడు. తర్వాత ఏటికీ బాటకీ మధ్య ఎవరు పెద్ద అనే ప్రసిద్ధమైన పద్యం వస్తుంది: బాట ఏటిని దాటింది, ఏరు బాటను దాటింది, బాట మనం వేసుకున్నది, ఏరు సృష్టికర్త నాటిది. అంటే ముందు నుంచీ ఉన్నదానికి మనిషి ఎక్కడ లొంగాలో రాజదర్బారులోనే, రాజు వినేలా, పండుగ పండుగకీ చెబుతారు. ఘానా సంగీత శాస్త్రవేత్త కె. న్కేటియా (1921–2019) వీటిని స్వరాలతో సహా నమోదు చేయకపోయి ఉంటే ఈపాటికి చాలా భాగం పోయేది.

డోలు అస్పష్టత వల్ల హాస్యం కూడా పుట్టింది. నైజీరియా రేడియో వాళ్లు ప్రసారాల మొదట్లో తమ సంస్థ పేరును డోలు మీద వాయించేవారు. ఇబాదాన్ జనం అదే దరువుకు 'ఒలుబాదాన్ చనిపోతే గద్దె ఎవరిది?' అని మాటలు తొడిగారు. ఒలుబాదాన్ అంటే ఆ నగర రాజు. స్వరాలు సరిగ్గా సరిపోయాయి!

ఇఫా అంటే జోస్యమే కదా? దాన్ని విజ్ఞానం అనడం ఎక్కువ కాదా?

జోస్యం అన్నది వాకిలి మాత్రమే. లోపల ఉన్నది ఒక సాహిత్య భాండాగారం. నైజీరియా నైరుతిలోనూ, పక్కనున్న బెనిన్‌లోనూ ఉన్న యోరుబావారిది ఇది. యునెస్కో 2005లో దీన్ని మానవాళి మౌఖిక వారసత్వంగా ప్రకటించింది.

పని జరిగే తీరు ఇలా ఉంటుంది. 'బబలావో' అనే విద్వాంసుడు 16 తాటిజాతి గింజలను ఒక అరచేతి నుంచి మరో చేత్తో ఒక్క పట్టున తీసుకుంటాడు. ఒకటి మిగిలితే ముందున్న చెక్కపలక మీది పొడిలో రెండు గీతలు, రెండు మిగిలితే ఒక గీత. ఎనిమిది సార్లు ఇలా చేస్తే ఒక 'ఒడు' తయారు. ఎనిమిది గుర్తులు, ఒక్కోటి రెండు రకాలు, వెరసి 256 ఒడులు. ఒక్కొక్క ఒడు కింద బోలెడు పద్యాలు. బబలావో వాటిని పాడుకుంటూ పోతాడు, వచ్చినవాడు తన బాధకు తగిన పద్యం రాగానే ఆపుతాడు. గమనించారా, ఏది తనకు వర్తిస్తుందో ఎంచుకునేది వచ్చిన మనిషే.

పద్యాలకు ఒక చట్రం ఉంటుంది. మొదట పూర్వపు జోస్యుల పేర్లు, తర్వాత వాళ్ల దగ్గరికి వచ్చినవాడెవరు, ఎందుకు వచ్చాడు, ఏం చేయమన్నారు, చేశాడా లేదా, ఏమైంది. వచ్చినవాడు మనిషే కానక్కర్లేదు: పక్షి కావచ్చు, చెట్టు కావచ్చు, ఊరు కావచ్చు. ఈ చట్రాన్ని విశ్లేషించిన పండితుడు వాండె అబింబొలా స్వయంగా ఆ విద్య నేర్చినవాడు, ఇఫె విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేశాడు. న్యాయస్థానాల్లో పాత తీర్పులను ఉదహరించే పద్ధతి ఎలాంటిదో ఇదీ అలాంటిదే అని నాకనిపిస్తుంది, కాకపోతే ఇక్కడ తీర్పులన్నీ పద్యాల్లో ఉన్నాయి.

చిన్నతనంలో గురువు ఇంట చేరితే పదేళ్లు, అంతకు మించీ పడుతుంది. పద్యానికి మాట చేర్చడం, తీసేయడం అపచారంగా చూస్తారు. అయినా ఇఫా రాయిలా గడ్డకట్టుకుని ఉండిపోలేదు. యోరుబా నేలకు ఇస్లాం వచ్చాక ముస్లింల ప్రస్తావన పద్యాల్లోకి వచ్చింది, 'ఒతురా మెజి' అనే ఒడు వాళ్లకు సంబంధించినదిగా స్థిరపడిపోయింది. కొత్తగా ఎదురైనదాన్ని ఏ అరలో పెట్టాలో తెలిసిన వ్యవస్థ అది.

మందు మొక్కలకూ పాటలకూ ఏమిటి సంబంధం?

యోరుబావారిలోనే ఇంకో ఉదాహరణ ఉంది. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ పియేర్ వెర్జే (1902–1996) అక్కడికి వెళ్లి, దీక్ష తీసుకుని, బబలావో అయ్యాడు. మొక్కలతో మందులు చేసే విధానాలు, వాటితో పాటు చదివే 'ఓఫొ' మంత్రాలు దశాబ్దాలపాటు సేకరించాడు. ఆయన గమనించింది ఏమిటంటే, చాలా మంత్రాల్లో మొక్క పేరులోని అక్షరమూ, ఆ మొక్క చేయాల్సిన పని తెలిపే క్రియలోని అక్షరమూ ఒకటే. ప్రాస గుర్తుంటే మొక్కా గుర్తుంటుంది, దాని పనీ గుర్తుంటుంది. మందు పనిచేస్తుందా లేదా అన్నది ప్రయోగశాల తేల్చాల్సిన వేరే ప్రశ్న. మంత్రం దానికి రుజువు కాదు.

గ్రియోలు ఎవరు?

పశ్చిమాఫ్రికాలో మాండె భాషలు మాట్లాడే మాలి, గినియా, సెనెగల్, గాంబియా ప్రాంతాల్లో వంశపారంపర్యంగా చరిత్ర పాడేవారు. 'గ్రియో' ఫ్రెంచివాళ్ల వాడుక, సొంత పేరు 'జెలి'. కువాతె, జబాతె, సిసోకో వంటి ఇంటిపేర్లు వినగానే అక్కడివారికి జెలి కుటుంబమని తెలిసిపోతుంది. మన పల్లెల్లో పిచ్చుకుంట్లవారు కాపు కుటుంబాల గోత్రాలూ వంశకథలూ పాడి కట్నం తీసుకునే పద్ధతి తెలిసినవారికి ఈ సంబంధం వెంటనే అర్థమవుతుంది.

వాళ్ల చేతిలో 21 తీగల కోరా, కర్రపలకల బలాఫోన్. గినియాలోని న్యాగసోలా ఊళ్లో 'సోసో బాలా' అనే బలాఫోన్‌ను కువాతె కుటుంబం ఇప్పటికీ కాపాడుతోంది. 13వ శతాబ్దపు సుమంగురు రాజుదే అది అని వారి నమ్మకం. ఆ సుమంగురును ఓడించి మాలి సామ్రాజ్యాన్ని నిలబెట్టిన సుందియాటా కథే వాళ్ల ప్రధాన గాథ. జెలి పని కథ చెప్పడంతో ఆగదు. పెళ్లి సంబంధాలు కుదర్చడం, తగవులు తీర్చడం, రాజు తప్పును రాజు ముందే పాటలో అనడం కూడా వాళ్లవే.

కురుకాన్ ఫుగా అనేది ప్రపంచంలోనే తొలి మానవ హక్కుల ప్రకటన అంటున్నారు. నిజమా?

ఇంటర్నెట్‌లో ఇది బాగా తిరుగుతోంది కాబట్టి విడిగా చెబుతున్నాను. సుందియాటా గెలిచాక కురుకాన్ ఫుగా మైదానంలో పెద్దల సభ జరిపి, వంశాల మధ్య బాధ్యతలు పంచాడని జెలిలు పాడతారు. మాలిలో ఆ ప్రకటన సంప్రదాయాన్ని యునెస్కో 2009లో జాబితాలో చేర్చింది. అయితే 44 అధికరణాలుగా వరస పెట్టిన పాఠం 1998లో గినియాలోని కంకాన్‌లో జెలిలూ పరిశోధకులూ కలిసి కూర్చున్నప్పుడు రూపు దిద్దుకుంది. దాన్ని యథాతథంగా 13వ శతాబ్దపు రాజ్యాంగం అనడానికి చాలామంది చరిత్రకారులు ఒప్పుకోరు. నేనూ ఒప్పుకోను. అలాగని అబద్ధమని కొట్టిపారేయనూ కూడదు. ఏ వంశానికీ ఏ వంశానికీ మధ్య వేళాకోళం చెల్లుతుంది, ఎవరు ఎవరికి రక్షణ ఇవ్వాలి అనేవి ఆ సమాజంలో ఈనాటికీ నడుస్తున్న కట్టుబాట్లు. పాత సారాన్ని కొత్త చట్టం భాషలోకి పోసినప్పుడు అధికరణాల సంఖ్య వచ్చి చేరింది.

నోటి మాట తరం మారేసరికి మారిపోదా?

కొన్ని మారతాయి, కొన్ని మారవు. మారకూడదనుకున్నవాటికి గట్టి కాపలా పెట్టుకున్నారు. సొమాలి కవిత్వం ఇందుకు మంచి ఉదాహరణ. 'గబయ్' అనే ప్రక్రియలో పద్యం ఏ అక్షరంతో అందుకుంటే ఆ అక్షరంతో మొదలయ్యే మాట ప్రతి పాదంలోనూ రావాలి, పద్యం వంద పాదాలు దాటినా సరే. పాదాల కొలత కూడా కచ్చితం. ఒక మాట మరచి ఇంకో మాట పెడితే అక్షరమో కొలతో ఎక్కడో ఒకచోట తప్పుతుంది, విన్నవాళ్లు పట్టేస్తారు. పైగా ఇతరుల పద్యం చదివేవాడు ముందుగా కవి పేరు చెప్పాలి. కంఠస్థం చేసి ఊరూరా వినిపించే వాళ్లు వేరే ఉండేవారు.

సొమాలి భాషకు అధికారిక లిపి వచ్చింది 1972లో. అంతవరకూ, ఆ తర్వాతా రాజకీయం, ఒంటెల తగాదాలు, కరువులు, సంధి ఒప్పందాలు అన్నీ పద్యాల్లోనే నడిచాయి. లిపి వచ్చాక కూడా 1979లో గారియె అనే కవి 'డ' అక్షరంతో ఒక పద్యం వదిలితే, ఇతర కవులు అదే అక్షరంతో జవాబులు కట్టి క్యాసెట్ల మీద దేశమంతా తిప్పారు. అప్పటి సైనిక పాలకుడు సియాద్ బారె ప్రభుత్వం అచ్చును అడ్డుకోగలిగింది గాని క్యాసెట్లను కాదు.

జెలిల సుందియాటా గాథ అలాంటిది కాదు. ఒక్కో గాయకుడి నోట ఒక్కోలా పెరుగుతుంది, తగ్గుతుంది. దాంట్లో నుంచి తేదీలు పీక్కుని చరిత్ర రాయబోతే బోల్తాపడతాం.

పాట ఒక్కటే మిగిలి, మిగతాదంతా పోయిన సందర్భం ఉందా?

ఉంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ ఇదే.

1930ల తొలినాళ్లలో లోరెంజో డౌ టర్నర్ అనే నల్లజాతి భాషా శాస్త్రవేత్త అమెరికాలోని జార్జియా తీరంలో హారిస్ నెక్ అనే చోట అమీలియా డాలీ అనే ఆమె పాడిన చిన్న పాటను రికార్డు చేశాడు. ఆమెకు ఆ మాటల అర్థం తెలియదు. అమ్మ నుంచి వచ్చింది, పిల్లలను ఆడించడానికి పాడేది. అది సియెర్రా లియోన్‌లోని మెండె భాష అని తర్వాత తేలింది. 1990 ప్రాంతంలో చరిత్రకారుడు జోసెఫ్ ఒపాలా, సంగీత పరిశోధకురాలు సింథియా ష్మిట్, మెండె భాషావేత్త తాజీఫ్ కొరొమా ఆ రికార్డింగు పట్టుకుని మెండె గ్రామాలు తిరిగారు. సెనెహూన్ న్గోలా అనే ఊళ్లో బెందు జాబతి అనే ఆమె దాన్ని వినగానే గొంతు కలిపింది.

అక్కడ అది పిల్లల పాట కాదు. సమాధి దగ్గర ఆడవాళ్లు పాడే పాట. రండి, అందరం కష్టపడదాం, సమాధి ఇంకా పూర్తి కాలేదు, పోయినవారి మనసు చల్లబడాలి అన్నది దాని సారాంశం. ఆ కర్మ ఊళ్లో ఎప్పుడో ఆగిపోయింది. కానీ బెందు నాయనమ్మ పాటను మాత్రం నేర్పి, దూరమైపోయిన మనవాళ్లు ఎప్పటికైనా వస్తే ఈ పాటతోనే గుర్తుపట్టాలి అని చెప్పిందట. 1997లో అమీలియా కూతురు మేరీ మోరన్ ఆ ఊరికి వెళ్లింది.

ఈ కథను కన్నీళ్ల కథగానే చెబుతారు. నాకు మాత్రం ఇందులో పాఠం వేరే కనిపిస్తుంది. జార్జియాలో మాటలు దాదాపు చెక్కుచెదరకుండా నిలిచాయి, అర్థం పోయింది. సెనెహూన్ న్గోలాలో కర్మ పోయినా ఆ పాట ఎందుకు పాడేవారో గుర్తుంది. కాబట్టి మాటలు భద్రంగా ఉంటే విజ్ఞానం భద్రంగా ఉన్నట్టు కాదు.

ఇలా ఆఫ్రికా నుంచి అమెరికాకు పట్టి తెచ్చిన బానిసల యజమానులకు కూడా వాద్యాల శక్తి తెలుసు. 1739లో సౌత్ కరోలైనాలో స్టోనో తిరుగుబాటు జరిగాక, మరుసటి ఏడు తెచ్చిన చట్టంలో డోళ్లు వాయించడాన్ని నిషేధించారు.

పక్షులతో మాట్లాడే పిలుపులు కూడా ఈ కోవలోకే వస్తాయా?

వస్తాయనే అంటాను. తేనెపట్టు చూపించే హనీగైడ్ పక్షితో మనిషికి ఉన్న పొత్తు విచిత్రమైనది. పక్షి దారి చూపిస్తుంది, మనిషి పట్టు తీసి తేనె తీసుకుంటాడు, మైనం పక్షికి. కెన్యాలో బోరన్ జాతివారు పక్షి కూతను బట్టి, ఎగిరే తీరును బట్టి దిక్కూ దూరమూ చెప్పగలమనేవారు. హుసేన్ ఐజాక్, హైంట్స్ ఉల్రిచ్ రాయర్ అనే శాస్త్రవేత్తలు పరిశీలించి 1989లో అది నిజమేనని చూపించారు. పక్షి సాయం లేకుండా పట్టు దొరకడానికి సగటున 8.9 గంటలు, సాయంతో 3.2 గంటలు.

మొజాంబిక్ నియాసా ప్రాంతంలోని యావో వేటగాళ్లు తండ్రి దగ్గర నేర్చుకునే 'బ్ర్‌ర్‌ హ్మ్' అనే పిలుపు మీద 2016లో ఫలితాలు వచ్చాయి. ఆ పిలుపు వాడితే పక్షి దారి చూపే అవకాశం 33 శాతం నుంచి 66 శాతానికి పెరిగింది. టాంజానియాలో హడ్జావారు అదే పక్షిని ఈలపాటతో పిలుస్తారు. ఎక్కడి పక్షి అక్కడి పిలుపుకే ఎక్కువగా పలుకుతుందని తర్వాతి పరిశోధన తేల్చింది.

మరి ఇవన్నీ గుడ్డిగా నమ్మవచ్చా?

వద్దు. మాలిలోని డోగాన్ జాతివారికి కంటికి కనిపించని సిరియస్ జంట నక్షత్రం గురించి ముందే తెలుసనే కథ ఇప్పటికీ వీడియోల్లో తిరుగుతోంది. మార్సెల్ గ్రియోల్ అనే ఫ్రెంచి మానవ శాస్త్రవేత్త రాతల నుంచి పుట్టింది అది. వాల్టర్ వాన్ బేక్ అనే డచ్చి మానవ శాస్త్రవేత్త ఏళ్లపాటు డోగాన్‌ల మధ్య ఉండి చూసి, అలాంటి జ్ఞానం అక్కడ కనబడలేదని 1991లో రాశాడు. బయటివాడు తన ప్రశ్నలతో జవాబులను తయారు చేయించుకోగలడు. బోరన్‌ల విషయంలో చెప్పినదాన్ని కొలిచి చూశారు. డోగాన్‌ల విషయంలో చెప్పినదాన్ని మోసుకుపోయారు. తేడా అక్కడే ఉంది.

పొగడ్త కవిత్వంలో విజ్ఞానం ఏముంటుంది? భజనే కదా?

దక్షిణాఫ్రికాలో షోసా, జులు జాతుల 'ఇంబోంగి' అనే స్తుతికవి రాజును పొగుడుతూనే దెప్పగలడు, ఆ చనువు అతనికి ఉంది. 1925లో బ్రిటిష్ యువరాజు వచ్చినప్పుడు ఎస్. ఇ. కె. మ్కాయి కట్టిన షోసా స్తుతి చూడండి: బైబిలూ పంపారు, బ్రాందీ పీపా కూడా పంపారు, తుపాకీ ఫిరంగీ పంపారు అనే ధోరణిలో సాగుతుంది. 1994లో మండేలా అధ్యక్ష ప్రమాణ స్వీకారంలోనూ ఇంబోంగిలు స్తుతులు చదివారు.

ఈ పాటల మీద హక్కులు ఎవరివి?

చిక్కు ప్రశ్న. సంప్రదాయ గానానికి ఒక రచయిత ఉండడు, కాపీరైటు చట్టం రచయితను అడుగుతుంది. రచయిత ఉన్నప్పుడు కూడా న్యాయం జరగలేదు. సాలొమన్ లిండా అనే జులు గాయకుడు 1939లో రికార్డు చేసిన పాట మీద ప్రపంచమంతా డబ్బు చేసుకుంది. ఆయన 1962లో పేదవాడిగానే పోయాడు. వారసులకు ఒప్పందం కుదిరింది 2006లో.

రికార్డింగుల సంగతి వేరే. హ్యూ ట్రేసీ అనే సంగీత పరిశోధకుడు ఖండంలో సగం తిరిగి సేకరించిన వేలాది పాటలతో 1954లో పెట్టిన అంతర్జాతీయ ఆఫ్రికా సంగీత గ్రంథాలయం ఇప్పుడు దక్షిణాఫ్రికాలోని రోడ్స్ విశ్వవిద్యాలయంలో ఉంది. ఈమధ్య వాళ్లు ఆ రికార్డింగులను పాడినవారి ఊళ్లకే తీసుకెళ్లి వినిపిస్తున్నారు. పిల్లలు తాతల గొంతు వింటారు, పెద్దవాళ్లు తప్పుగా రాసుకున్న వివరాలు సరిదిద్దుతారు.

తెలుగు నేలకు వీటితో ఏమైనా సంబంధం ఉందా?

హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ పేటకు ఆ పేరు నిజాం సైన్యంలోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ వల్ల వచ్చింది. అక్కడి సిద్దీల పూర్వీకులు తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చినవారు. నగరంలో పెళ్లి ఊరేగింపుల్లో మోగే మర్ఫా వాళ్ల ద్వారా, యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు కుటుంబాల ద్వారా స్థిరపడింది. దాన్ని పూర్తిగా ఆఫ్రికాది అనడం కుదరదు, పూర్తిగా అరబ్బులదనీ అనలేం. దాంట్లో పైన చెప్పినలాంటి రహస్య విద్య ఏదో ఉందని కూడా నేను చెప్పను. బరాత్‌లో ఊపుకోసం వాయిస్తారు, ఆ పని అది బ్రహ్మాండంగా చేస్తుంది.

వినడం ఎక్కడ మొదలుపెట్టాలి?

కోరాతో మొదలుపెడితే చెవికి సులువు. మాలికి చెందిన తుమానీ జబాతె (1965–2024) వాయించినది ఏది దొరికినా వినండి. తర్వాత మధ్య ఆఫ్రికా అడవుల్లోని 'అకా' జాతివారి బృందగానం. ఒక్కొక్కరు ఒక్కో వరుస అందుకుంటారు, మొదట గందరగోళంగా ఉంటుంది, రెండు మూడుసార్లు విన్నాక ఒక్కో గొంతూ విడిపోయి వినిపిస్తుంది. దుందున్‌ను మాత్రం ఆడియోలో కాకుండా వీడియోలోనే చూడండి, వీలైతే పక్కన యోరుబా తెలిసినవారు ఉండగా. అది అప్పుడు ఎవరి పేరు పలుకుతోందో వాళ్లు చెబుతారు.